గంజి పెట్టిన రెక్క

"చీరా, పంచా?" మగ్గం ముందు నుంచి తలెత్తకుండానే అడిగింది కనకలక్ష్మి.

"విమానానికి బట్ట," అన్నాడు రోశయ్య.

ఆమె చేతిలో నాడె పోగుల మధ్యే ఆగింది.

"అంచు ఉండాలాండీ, వద్దా?"

"వెటకారమా?"

"మొదలుపెట్టింది మీరే."

రోశయ్యకు మార్టూరులో ఆయిల్ ఇంజన్ల షాపుంది. డిప్లొమా చదివాడు. ఇంట్లోనే బిగించుకునే చిన్న విమానం కిట్టు ఒకటి విదేశం నుంచి తెప్పించుకున్నాడు. గొట్టాలు, ఇంజను, ఒక్కటంటే ఒక్క సీటు. ఓడలో మద్రాసు చేరేసరికి రెక్కల బట్ట ఉప్పునీటికి చివికిపోయింది. దానిమీద పూయాల్సిన లక్కరు డబ్బా పగిలిపోయింది. ఊరు నవ్వింది. ఊరికి అంతకన్నా పని లేదు.

కనకలక్ష్మి తండ్రి పానకాలు నవ్వలేదు. బట్ట ఎంత ఒత్తుగా ఉండాలో అడిగాడు. అంత ఒత్తుగానూ నేశాడు. ఒక ఆదివారం కూతుర్ని వెంటపెట్టుకుని చీరాల నుంచి మార్టూరు వచ్చాడు. పెరట్లో ఆమె రెక్కలకు బట్ట కుట్టింది. రోశయ్య సూదికి దారం ఎక్కించాడు. చాలాసేపు పట్టింది. సూది వైపు చూస్తేగా!

పానకాలు టీకని సెంటరుకు వెళ్ళాడు.

"బట్ట ఇంకా బిగుసుకోవాలి. మళ్ళీ మద్రాసు వెళ్ళి లక్కరు వెతకాలి," అన్నాడు రోశయ్య.

"బిగుసుకోవడానికి మద్రాసు దాకా ఎందుకండీ? గంజి లేదూ?"

డిప్లొమా చదివినవాడు ఆలోచించాల్సింది. ఆమె ముఖం చూస్తూ ఆలోచించడం అతనికి చేతకాలేదు. గంజి కాచారు. పూశారు. సాయంత్రానికి రెక్క డప్పులా మోగింది. వెళ్తూ వెళ్తూ ఆమె దానిమీద వేలితో ఒక్కటి కొట్టి, అతన్ని చూసి నవ్వింది.

తెల్లారేసరికి రోశయ్య తల్లి రాఘవమ్మ పెంచుకునే గేదె పలుపు తెంచుకుని, ఎడమ రెక్క సగం నాకి నమిలేసింది.

"నా గేదెకేమన్నా అయితే నీ విమానాన్ని పొయ్యిలో పెడతానురా!" అంది రాఘవమ్మ.

కబురు విని పానకాలు ఒక్కడే వచ్చాడు. నమిలిన బట్ట చేతిలోకి తీసుకున్నాడు.

"గంజి ఎవరు పెట్టమన్నారు?"

"నేనే," అన్నాడు రోశయ్య.

"మీ తాత మగ్గం నేసినవాడు. గంజిబట్ట ఆరుబయట వదిలితే పశువు పడుతుందని తెలీదా? నిన్ను అల్లుణ్ణి చేసుకుందామనుకున్నాను, నాకూ బుద్ధిలేక. మంగళగిరి సంబంధానికి సరేనంటాను. మా గడప తొక్కకు."

వెనకాలే పరుగెత్తి నిజం చెప్పొచ్చు. చెబితే తిట్లన్నీ ఆమెకు పడతాయి. రోశయ్య రెక్క విప్పుకుంటూ కూర్చున్నాడు.

ఆ వారంలోనే తండ్రీకూతుళ్ళు మళ్ళీ బస్సు దిగారు. పానకాలు భుజాన కొత్త బట్ట తాను ఉంది.

"గంజి మా పిల్ల పనంట. అన్నం మానేసి కూర్చుని మరీ చెప్పింది. తప్పు మా ఇంటిదైతే బట్టా మాదే," అన్నాడు మొహం తిప్పుకుని. "అబద్ధమాడావని కోపం మాత్రం పోలేదు. ఇది పైకి లేస్తే అప్పుడు చూద్దాం. లేవకపోతే మంగళగిరే."

మళ్ళీ కుట్టారు. కార్లకు రంగులేసే షెడ్డు నుంచి లక్కరు తెచ్చి పూశారు. ఈసారి గేదెను పొరుగింట్లో కట్టేశారు.

రోశయ్య ఎక్కి కూర్చున్నాడు. పత్తిచేల మధ్య డొంకదారి వెంట విమానం పరుగెత్తింది. ఎగిరింది. తుమ్మచెట్ల మీదుగా ఒక చుట్టు తిరిగింది. దిగింది గానీ ఆగలేదు. నేరుగా రాఘవమ్మ మిరపకాయల కళ్ళంలోకి దూసుకెళ్ళింది. ఘాటుకు చూడవచ్చిన ఊరంతా తుమ్మింది. నవ్వడానికి ఒక్కరికీ ఊపిరి అందలేదు.

పానకాలు తుమ్ముతూనే పరుగెత్తాడు. రోశయ్య వైపు చూడలేదు. రెక్కను వేళ్ళతో ఒత్తి చూశాడు.

"చిరగలేదు," అన్నాడు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. మిరపఘాటు అని ఎవరూ అడక్కుండానే చెప్పాడు. "రాఘవమ్మగారూ, ముహూర్తం పెట్టించండి."

"మంగళగిరి వాళ్ళకేం చెబుతావు నాన్నా?"

"గేదె మేసిందని చెబుతా."

కనకలక్ష్మి తువ్వాలు తడిపి తెచ్చి రోశయ్యకు అందించింది.

"తప్పు మీమీద వేసుకున్నారేం?"

"మిమ్మల్ని తిడుతుంటే వినలేను."

ఆమె విమానం వైపు తిరిగింది. "దీనికి ఒక్కటే సీటుంది."

"అవును."

"ఇంకోటి పెట్టండి. బట్ట నేను నేస్తాను."

"గంజి?"

తువ్వాలు లాక్కుని అతని మొహానే కొట్టింది.