సూర్యచంద్రులు లేని శిల

ఇనుపరాల కోట బురుజులన్నిటి మీదా నగారాలు మ్రోగుతున్నా, రాజవీధిలో ఒక్క ముఖాన కూడా ఉత్సవకళ లేదు. జైనులు తమ ఆలయాలైన బసదులు మూసి దేశం విడిచిపోవాలన్న ఆజ్ఞ నేటితో రద్దవుతుందని చాటింపు వేశారు. అయినా బసదిలో తలదాచుకున్న కుటుంబాలు మూటలు విప్పలేదు. వెళ్లగొట్టే ఆజ్ఞ వేయించిన మహామంత్రి ప్రోలనామాత్యుని నవ్వు చూసినవారెవరు మూటలు విప్పుతారు!

పొరుగున ఉన్న సింగవరం రాణి రాయబారిగా పంపిన సేనాని బేతనాయకుడు పరమశైవుడు. తమ దేశంలో అన్ని మతాలకూ ఉన్న అభయం ఈ దేశపు శాసనంలోనూ ఉండాలని వాదించి వాదించి, వృద్ధరాజును ఒప్పించాడు. రాజు తాంబూలమిచ్చాడు, నాయకుడు పుచ్చుకున్నాడు. పొరపాటు అక్కడే జరిగింది. తాంబూలం అందుకున్న రాయబారి ఇక నోరు విప్పరాదు. దాన్ని తిప్పి ఇచ్చినవాడికి శిరచ్ఛేదమే. శాసనం చెక్కిన శిలను చూశాక అందుకోవలసినదాన్ని ఆ అమాయకుడు ముందే అందుకున్నాడు.

బసది వాకిట నిలిపిన శిలపై ముసుగు తీశారు. అక్షరాలన్నీ ఉన్నాయి, పైభాగాన సూర్యచంద్రులు లేరు. ఆ బొమ్మలుంటేనే శాసనం ఆచంద్రార్కం. లేకుంటే రాజు ఊపిరి ఉన్నంతవరకే. ఆ రాజో, పల్లకి దిగడానికే ఇద్దరి భుజాలు కావలసినవాడు.

బేతనాయకుడు పిల్లలను ఎత్తుకుని నిలుచున్న తల్లులను చూశాక ఇక ఆగలేక, తాంబూలాన్ని రాజు పాదాల చెంత పెట్టాడు.

"ఏలినవారిచ్చిన అభయం ఏలినవారితోనే ముగిసేలా చెక్కారు. నా దేవుడు వేరు, వీరి దేవుడు వేరు. కాని దేవుణ్ని కొలుచుకునే హక్కు ఒక్క మనిషి ఊపిరికి వేలాడరాదు. సూర్యచంద్రులను చెక్కించండి మహారాజా!"

"తాంబూలం తిప్పి ఇచ్చాడు! శిరచ్ఛేదం, ప్రభూ!" అని మంత్రి కేకవేశాడు.

"బొమ్మలు మరిచావా, మాన్పించావా?" అని రాజు మంత్రిని అడిగాడు. మంత్రి వెనక్కి అడుగు వేశాడు. రాజు సైగ చేయగానే భటులు అతణ్ని సంకెళ్లతో తీసుకుపోయారు.

రాజు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాయకా, నీ మాట చెల్లుతుంది. కాని నీకోసం ఒక కట్టుబాటు సడలిస్తే, రేపు నా తరువాతివారు ఈ శాసనాన్నీ సడలిస్తారు."

"సడలించవద్దు ప్రభూ. చంద్రుడు పూర్తయ్యేదాకా నన్ను ఇక్కడ నిలువనివ్వండి, చాలు."

శిల్పి మారోజు సూర్యుణ్ని చెక్కాడు. నెలవంక దగ్గర అతని చేయి మందగించింది. నునుపు చేసినచోటే మళ్లీ నునుపు చేశాడు, కన్నీళ్లు తుడుచుకోవడానికి ఆగాడు. తొందరపడమని రాజు కూడా అనలేదు. జనమంతా శిలను కాక నాయకుణ్నే చూస్తున్నారు.

ఎంత నెమ్మదిగా చెక్కినా, నెలవంక చిన్నదే కదా. బేతనాయకుడు దాన్ని వేలితో ఒకసారి తడిమి, ఖడ్గానికి తల వంచాడు.