పొంగురక్కసి అడిగిన వాకిలి

కుందనవాడ రాజ్యం ఎంత చిన్నదంటే, రాజుగారు కోట బురుజు మీద నిలబడి తుమ్మితే పొలిమేర కాపలావాడు అక్కణ్ణుంచే "శతాయుష్షు ప్రభూ!" అనేవాడు. అంత చిన్న రాజ్యానికి ఉన్నది ఒకే ఒక్క చెరువు. రెండు గుట్టల మధ్య పారే వాగుకు అడ్డంగా పూర్వీకులు మట్టికట్ట పోసి ఆ చెరువును నిలిపారు. కట్ట కిందే వరిపొలాలు, కట్ట కిందే ఊరు, కోట కూడా కట్ట కిందే!

ఆ చెరువుకు కావలివాడు నీరటి ఓబన్న. రోజూ పొద్దున్నే కట్ట ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒట్టి కాళ్ళతో నడవడం ఆ ఇంటి ఆచారం. మట్టి ఎక్కడ చెమ్మగిల్లినా, ఎక్కడ మెత్తబడినా కంటికంటే ముందు అరికాలికి తెలుస్తుంది. ఓబన్న కూతురు చెంగలికి పన్నెండేళ్ళు. తల్లి లేని ఆ పిల్ల నడక వచ్చిన నాటి నుంచి తండ్రి అడుగులో అడుగు వేస్తూ పెరిగింది.

రాజు ఉత్తుంగవర్మ మంచివాడే గాని, చేతికి వచ్చింది చుక్క కూడా జారనిచ్చే మనిషి కాడు. చెరువు నిండాక మిగులు నీళ్ళు పోవడానికి కట్ట చివర రాతితో కట్టిన దారి ఒకటి ఉంది. దాన్ని అలుగు అంటారు. ఒక ఏడు అలుగు పొర్లడం చూసి రాజుగారి ప్రాణం ఉసూరుమంది. "ఇన్ని నీళ్ళు పోతుంటే చూస్తూ ఊరుకుంటారా!" అని అక్కడ నిలువెత్తు గోడ కట్టించాడు. ఓబన్న ఏదో చెప్పబోయి నసిగాడు. రాజు నవ్వి, ఇంత పెద్ద చెరువుకు కావలివాడు ఒట్టి కాళ్ళతో తిరగడం రాజ్యానికే నామర్దా అంటూ అతనికి వెండి బుడిపెల చెప్పులు బహూకరించాడు. కట్ట మీద నడిచేటప్పుడు అవి తొడుక్కుని తీరాలని ఆజ్ఞ కూడా వేశాడు.

పాపం, ఓబన్న పొంగిపోయాడు. చెప్పులు కిర్రుకిర్రుమంటుంటే మీసం దువ్వుకుంటూ కట్ట మీద పచార్లు చేశాడు. చెంగలి రోజూ ఆ చెప్పులకు నూనె రాసి మెరిపించేది. తండ్రి వద్దన్నాడని కట్ట ఎక్కడం కూడా మానేసింది.

వానలు మొదలయ్యాయి. ఒకనాటి ఉదయం కట్టకు ఊరివైపున బుంగ పడి నీళ్ళు చిమ్మాయి. అవి తేటనీళ్ళు కావు, ఎర్రటి మట్టినీళ్ళు. కట్ట లోలోపల కరిగిపోతోందన్నమాట. ఓబన్న పరుగున వెళ్ళి బుంగకు వీపు అడ్డుపెట్టాడు. వెంటనే చెరువులోంచి ఉరుములాంటి గొంతు వినిపించింది.

"నా వాకిలి మూశారు కదూ! ఎల్లుండి పొద్దు గుంకేలోగా తెరవకపోతే నా వాకిలి నేనే చేసుకుంటాను!"

చూస్తుండగానే ఓబన్న మట్టిబొమ్మ అయిపోయాడు. కళ్ళు మాత్రం కదులుతున్నాయి. చెంగలి ఆ బొమ్మను కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"అది పొంగురక్కసి గొంతు. మబ్బులకొండ మీద ఉంటుంది. ఎవరైనా వెళ్ళి బతిమాలాలి" అన్నాడు కోటలోంచి పరుగెత్తుకొచ్చిన రాజపురోహితుడు. సేనాపతి భటుల వంక చూశాడు, భటులు నేల వంక చూశారు. చెంగలి కళ్ళు తుడుచుకుని అడవిదారి పట్టింది.

అడవిలో ఏనుగంత ఎండ్రకాయ దారికి అడ్డంగా కూర్చుని ఉంది.

"ఆగవే పిల్లా! నా ఇంటికి వాకిళ్ళెన్నో చెప్పు. తప్పు చెప్పావో, చట్నీ చేస్తా!"

చెంగలి తడుముకోకుండా, "రెండు. వచ్చిన నీళ్ళు పోవాలంటే ఇంకో దారి ఉండాలిగా" అంది.

"శభాష్! ఒక్క వాకిలితో ఇల్లు కట్టుకుంటే వానకి పిల్లాజెల్లాతో మునిగిపోనూ!" అంటూ ఎండ్రకాయ పకపకా నవ్వింది. చెంగలికి మాత్రం గోడ కట్టి మూసిన అలుగు గుర్తొచ్చింది. ఎండ్రకాయ ఆమెను వీపు మీద ఎక్కించుకుని పక్కపక్కకు పరుగుతీసింది. చెంగలి అడవంతా చూసింది గాని, ముందున్న దారిని మాత్రం చూడలేకపోయింది!

అడవి దాటితే పెద్ద ఊబి. దాని ఒడ్డున పుట్టలోంచి ఒక ముని తల బయటపెట్టాడు. "మూడు దారులున్నాయి తల్లీ. ఒకటే నిజం, రెండు మాయ."

ఒకటి బంగారు ఇటుకల దారి, ఒకటి పూలదారి, ఒకటి ఉత్త మట్టిదారి. చెంగలి కళ్ళు మూసుకుని ఒక్కోదాని మీద అరికాలు ఆనించింది. బంగారం చల్లగా వణికింది. పూలు మెత్తగా దిగబడ్డాయి. మట్టి గట్టిగా, గోరువెచ్చగా నిలిచింది. చెంగలి దాని మీద నడిచి ఊబి దాటేసింది.

"నీ కాళ్ళకు ఈ చదువు ఎవరు చెప్పారమ్మా?" అని ముని వెనకనుంచి కేకవేశాడు.

"మా నాన్న, స్వామీ!"

"మరి ఆయన కాళ్ళకేమైంది?"

కొండ ఎక్కుతున్నంతసేపూ ఆ ప్రశ్న చెంగలిని తొలుస్తూనే ఉంది.

మర్నాడు ఆమె పైకి చేరేసరికి మబ్బులకొండ మీద పొంగురక్కసి జుట్టు దువ్వుకుంటోంది. ఆమె జుట్టు నిండా జలపాతాలే. దువ్వెన తగిలినప్పుడల్లా కిందికి వాగులు దూకుతున్నాయి.

"వచ్చావూ! తప్పెవరిదో చెప్పు. అబద్ధమాడితే కొట్టుకుపోతావు."

చెంగలి చేతులు నలుపుకుంటూ చెప్పింది. "రాజుగారు నీ వాకిలి మూశారు. మా నాన్న చెప్పులకు మురిసిపోయి కట్ట సంగతి మరిచాడు. ఆ చెప్పులకు నూనె రాసి మెరిపించింది నేనే. నాదీ తప్పే."

రక్కసి దువ్వెన కింద పెట్టింది. "మీ ఊరిమీద నాకు పగేమీ లేదే, పిచ్చిపిల్లా! ఏటా ఆ అలుగు మీంచి గెంతి, వాగులో పడి, సముద్రంలో ఉన్న మా అక్కను చూసొస్తా. పుట్టింటికి వెళ్ళే దారి మూసేస్తే నీకు మాత్రం కోపం రాదూ? వాకిలి తెరిపించు, మీ నాన్నను తీసుకో. రేపు సాయంత్రం నేను బయలుదేరక తప్పదు. వాన ఆపడం నా చేతిలో లేదు."

అంటూ చెంగలిని ఒక పిల్లమబ్బు మీద కూర్చోబెట్టి ఊదింది. మర్నాడు మధ్యాహ్నానికల్లా మబ్బు ఆమెను కట్ట మీద దించింది. అప్పటికే చెరువు అంచుదాకా నిండింది, ఊరివాళ్ళు మూటలు సర్దుకుంటున్నారు.

"గోడ పడగొట్టాలా? నీళ్ళన్నీ పోవూ?" అన్నాడు రాజు.

"అలుగు ఎత్తు వరకు ఎప్పటిలా ఉంటాయి, ప్రభూ. పైవి మాత్రమే పోతాయి. నా మాట నమ్మొద్దు. చెప్పులు విడిచి ఒక్కసారి కట్ట మీద నడవండి."

పుట్టి బుద్ధెరిగాక రాజుగారు చెప్పులు లేకుండా నేల మీద అడుగు పెట్టలేదు. "అబ్బా, ముల్లు! అమ్మో, రాయి!" అంటూ కుంటుతూ నడిచాడు. ఓబన్న బొమ్మకు సరిగ్గా పైన ఆయన కాలు చీలమండ దాకా దిగబడింది. మట్టి చల్లగా, లోపలెవరో కదులుతున్నట్టు వణికింది. రాజు చటుక్కున కాలు లాక్కున్నాడు.

"నేనే చంపుకుంటున్నానే నా ఊరిని! గడ్డపారలు తెండి!" అని అరిచి, మొదటి పోటు తానే పొడిచాడు.

ఊరంతా గోడ మీద విరుచుకుపడింది. చివరి రాయి కదలడం, మబ్బులకొండ మీంచి వాన ఉరికి రావడం ఒక్కసారే జరిగాయి. పొంగురక్కసి జుట్టు విరబోసుకుని, కేరింతలు కొడుతూ అలుగు మీంచి గెంతి వాగులోకి దూకింది. దారిలో రాజుగారి కిరీటాన్ని చిటికెన వేలితో ఒక్క తోపు తోసి వంకర చేయడం కూడా మరిచిపోలేదు!

చెరువు మట్టం దిగింది, బుంగ ధార సన్నగిల్లింది. ఓబన్న కాళ్ళూ చేతులూ విదిలించుకుని లేచాడు. ముందు చెప్పులు విడిచాడు. ఆ తర్వాతే కూతుర్ని ఎత్తుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ నవ్వారు.

ఎండలు రాగానే బుంగ చుట్టూ మట్టి తవ్వితీసి, పొరమీద పొరగా బంకమట్టి వేసి ఊరంతా పాటలు పాడుతూ తొక్కారు. అందరికంటే గట్టిగా తొక్కింది రాజుగారే. రాజు ఏం కావాలని అడిగితే చెంగలి నీరటి పని అడిగింది. ఇక ఏటా తొలకరికి ముందు రాజు ఒట్టి కాళ్ళతో నీరటి వెనక కట్టంతా నడవాలన్న ఆచారం ఆనాడే మొదలైంది.

ఆ తొలి నడకలో చెంగలి ముందు, ఓబన్న వెనక, రాజు ఆ వెనక నడిచారు. బుంగ పూడ్చిన చోట చెంగలి ఆగి, కళ్ళు మూసుకుని అరికాలు ఆనించింది.

"ఏమ్మా, ఎలా ఉంది?" అన్నాడు తండ్రి, మెల్లిగా.

"గట్టిగా ఉంది నాన్నా. గోరువెచ్చగా ఉంది."