అప్పన్న పేరు పెట్టిన ఖాళీ డ్రైవు

సాక్చి బజార్లో నీలకంఠం చెయ్యి పడని కంప్యూటర్ లేదంటే లేదు! ఒకే హార్డ్ డిస్కులో విండోస్‌నీ లినక్స్‌నీ తోడికోడళ్లలా కాపురం పెట్టించి, ఒక్క ఫైలు చెదరకుండా మధ్య గోడ జరపగల మొనగాడు సువర్ణరేఖ నదికి ఇవతలా లేడు, అవతలా లేడు.

ఆ వానాకాలం సాయంత్రం భుయ్యాడీహ్ పేటలో జోగమ్మ ఇంటికి వెళ్లాడు. కూతురు ఉమామహేశ్వరికి తన కంప్యూటర్లో విండోస్ నుంచీ లినక్స్ నుంచీ అందే కొత్త డ్రైవు కావాలి. దానికి విండోస్ భాగాన్ని కుదించాలి. అక్కడే ఉంది, జోగమ్మ మొగుడు, పోయిన అప్పన్న పాట. మైకు కొన్న రోజు సరదాగా పాడాడు. ఆయన గొంతు అంతకుమించి మిగల్లేదు.

“ఆయన గొంతు పోదు గదేటి, బాబూ?” అంది జోగమ్మ.

“నా చేతిలోనా! ముందు సీడీలోకి కాపీ తీత్తాను, అప్పా. తరవాతే కోత.”

“కుఛ్ నహీ హోగా, అమ్మా,” ఏం కాదని ఉమ విసుక్కుంది.

సీడీ తీశాడు. పాట మోగించి చూశాడు. ఫైళ్లన్నీ ఒక పక్కకి సర్దించి, యూపీఎస్ చూసుకుని, వెన్నలో వెంట్రుక లాగినట్టు పని కానిచ్చాడు. కొత్త డ్రైవుకి పేరు అడిగింది కంప్యూటర్.

మొగుడి పేరు నోట పలకని జోగమ్మ కూతురి వైపు చూసింది. “మీ నాన్న పేరెట్టీ. మరెవులూ తుడవరు.”

ఉమ టైపు చేసింది.

నీలకంఠం ఆ డ్రైవు వివరాలు తెరిచాడు. గుండ్రటి బొమ్మ అంతా గులాబీ రంగు... అంటే ఖాళీ. అందులో సన్నటి నీలం చీలిక, అంటే నిండిన చోటు. మూసి తెరిచాడు. నీలం పెరిగింది. లోపల ఒక్క ఫైలూ లేదు.

“ఏటి ఎక్కిత్తన్నావమ్మా?” అనుమానంగా చూశాడు.

“మైనే ఛువా భీ నహీ, అంకుల్!”

ముట్టనే లేదన్న ఆ మాట నీలకంఠం నమ్మలేదు. కీబోర్డు పీకాడు. ఇంటర్నెట్ ఫోను తీగ పీకాడు. నీలం పెరుగుతూనే ఉంది. గదిలో గ్రీజు వాసన... కార్ఖానా డ్యూటీ దిగి వచ్చిన మనిషి చెమట వాసన...

నీలం సరిగ్గా సగంలో ఆగింది.

స్పీకరు గరగరలాడింది. పాటలో విన్న గొంతే. “జోగీ... సగం నీకే అట్టిపెట్టాను... రా...”

నీలకంఠం ప్లగ్గు మీదకి దూకాడు. జోగమ్మ అతని మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు విడిపించుకోవడం అంత మొనగాడి వల్లా కాలేదు.

“కాపీ ఉంది గదప్పా...” గొణిగాడు.

“సీడీలో ఉన్నది పాత పాట, బాబూ. ఇది కొత్త మాట.”

బయట వాన ఆగింది.

“వత్తన్నా...” అంది జోగమ్మ గొంతు.

ఉమ తల్లి ముఖంలోకి చూసింది. పెదవులు బిగిసే ఉన్నాయి. మాట స్పీకర్లోంచి వచ్చింది.

తెర మీద, ఎవరూ ముట్టుకోకుండానే, నీలం సగం దాటింది.