వాకిట్లో ఇసుక పోసిన రోజు

కోయంబత్తూరులో చెన్నై బస్సు దిగి, గాంధీపురంలో ఆటో పట్టుకుని, నిద్రకళ్ళతో పీళమేడులోని మా ఇంటి గేటు తీశాను. గేటు మీద వేసిన చెయ్యి వేసినట్టే ఉండిపోయింది.

మా పచ్చిక లేదు.

గడ్డి ఉండవలసిన చోట ఇసుక ఉంది. గేటు దగ్గర నుంచి వరండా మెట్ల దాకా ఇసుకే. దాని మధ్యలో ఒక అమ్మాయి. నెత్తిన టోపీ, మడమల పైకి మడిచిన ప్యాంటు. పొడుగాటి చెక్కకి తాడు కట్టి, సొంత ఇల్లే అన్నంత తీరిగ్గా లాగుతోంది.

చిన్న విషయాలకి బెంబేలు పడతానని మా ఇంట్లో నాకు పేరుంది. కానీ ఇది చిన్న విషయం కాదు.

"ఏనుంగ! యారు నీంగ? ఇంగ ఎన్న పణ్ణుఱీంగ?" అని అరవంలో అరిచాను, ఎవరు మీరు, ఇక్కడేం చేస్తున్నారని. కోయంబత్తూరులో ముక్కూ మొహం తెలియని వాళ్ళతో మేం అరవంలోనే తగాదా పడతాం. తెలుగు ఇంట్లో వాళ్ళని తిట్టుకోవడానికి దాచుకుంటాం.

"మణల్ పోడుఱేంగ," అంది తల ఎత్తకుండా. ఇసుక పోస్తోందట! అది నాకూ కనపడుతోంది.

"అమ్మా!" అని ఇంట్లోకి తెలుగులో కేకేశాను. "ఎవురో పిచ్చిది వచ్చి మన గడ్డంతా పూడస్తా ఉండాది! సీక్రం బైటికి రా!"

చెక్క ఆగింది.

"పిచ్చిది కాదు, నా పేరు ఆనంది," అంది ఆ అమ్మాయి, అచ్చం మా ఇంటి తెలుగులో. "పూడస్తా లేను, బాగు చేస్తా ఉండా. మీరు కొంచెం కాలు తియ్యండి, నా ఇసక మీద నిలబడుకోనుండారు."

నేను గభాలున కాలు తీశాను. సిగ్గు తర్వాత వచ్చింది.

అమ్మ కాఫీ తెచ్చింది. నాకనుకుని చెయ్యి చాచాను. గ్లాసు నన్ను దాటుకుని ఆనందికి వెళ్ళింది.

"కారమడైలో సేద్యం చేసే అయ్యసామి కూతురు రా. అగ్రికల్చర్ చదివింది. వానొస్తే మన గడ్డిలో నీళ్ళు నిలబడి కుళ్ళిపోతా ఉండాది గదా, అందుకే పిలిపిస్తిని. నీకు ఫోన్లో చెప్తిని గదా రాజా?"

"లాన్ రిపేరు అంటివి. ఇసక అన్లేదే!"

ఆనంది వరండా మెట్టు మీద కూర్చుని కాఫీ ఊదుకుంటూ నవ్వింది. అంత నవ్వవలసిన మాట నేనేమీ అనలేదు.

"కింద ఏముండాది? నల్లరేగడి. ఎండకి రాయి, వానకి జిగురు. వేర్లకి గాలి ఆడదు. అందుకే గడ్డి కురచగా కోసి, నేలంతా బొక్కలు పొడిస్తిని. కడిగిన ఇసకలో జల్లించిన ఎరువు కలిపి పలచగా పోస్తా ఉండా. గుంతలు నిండతాయి, బొక్కల్లోకీ ఇసక దిగతాది. గడ్డి దాంట్లోంచే పైకొస్తాది. నమ్మకపోతే వంగి చూడండి."

వంగి చూశాను. ఇసుక రేణువుల మధ్య నుంచి ఆకుపచ్చ మొనలు బయటికి చూస్తున్నాయి. బతికే ఉంది!

"ఒకవేళ రాకపోతే?" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది.

"రావాల. ఇది నా సొంత పేరుతో పట్టిన మొదటి పని. గడ్డి పెంచే ఆడపిల్లని ఎక్కడా చూళ్ళేదంటారు మా నాయన. ఈ ఒక్క లాన్ బాగొస్తే నా దోవకి అడ్డం రానన్నారు. రాకపోతే తిరుప్పూరు మాపిళ్ళైకి నేను సరి చెప్పాల. నేనూ మాట ఇచ్చేస్తిని."

ఆ తిరుప్పూరు పెళ్ళికొడుకు ఎవరో నాకు తెలియదు. అయినా ఆ క్షణాన వాడంటే నాకు ఒళ్ళు మండింది. పరిచయమై పావుగంట కాని అమ్మాయి విషయంలో నాకెందుకింత మంట అని నేనే అదిరిపోయాను.

సరిగ్గా అప్పుడు గుడి నుంచి మా అవ్వ రంగనాయకి వచ్చింది. గేటు దగ్గర నిలబడి ఇసుకని చూసింది. ఆనందిని చూసింది. నన్ను చూసింది. చేతిలోని పూలసజ్జ కింద పడింది.

"ఎవురిదిరా పెండ్లి?"

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఇళ్ళలో పెళ్ళి కుదిరితే మొదట వాకిట్లో ఇసుక పోస్తారు. ఆ ఇసుక మీదే పందిరి, ఆ ఇసుక మీదే చుట్టాలు. ఇప్పుడు పెళ్ళిళ్ళన్నీ మండపాల్లోనే జరుగుతున్నా, వాకిట్లో నాలుగు గంపల ఇసుకైనా పడకపోతే మా అవ్వ దాన్ని పెళ్ళి కింద లెక్కెయ్యదు. ఈ సంగతి మా అమ్మకి తెలుసు, ఆనందికీ తెలుసు, నాకూ తెలుసు. ఒక్కరికీ గుర్తు రాలేదు.

"పెండ్లి కాదవ్వా. గడ్డికి పోస్తా ఉండాము."

"గడ్డికా? నా చెవిలో పూలు పెడ్తావా? నేను సేద్యం చేసిన ఇంట్లో పుట్టిందాన్ని రా! చేనికి చెరువు వండ్రు తోలతారు గానీ ఇసక తోలతారా? ఇసక పోస్తే పెండ్లికే." అంటూ అవ్వ ఆనంది గడ్డం పట్టుకుంది. "నీది ఏ ఇల్లమ్మా? ఇంటిపేరేమి?"

పాపం, ఆనంది పెద్దావిడ అడిగింది కదా అని చెప్పేసింది. అవ్వ వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకుని కళ్ళు పెద్దవి చేసింది.

"వరసే! ముత్తెం మాదిరి పిల్ల! నాకు ఒక మాటైనా చెప్పకుండా ఇసకే పోయించేస్తిరే!"

ఆనంది గ్లాసులో కాఫీ ఒలికింది. ఆ సమయానికే వీధిలో స్కూటర్ మీద పోతున్న దురైసామి మామ, అంటే అమ్మ తమ్ముడు, బ్రేకు వేశాడు. ఇసుక చూశాడు. అవ్వ చేతిలో ఉన్న గడ్డం చూశాడు. ఏమీ అడగలేదు. హారన్ మోగించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆయన అడిగి ఉంటే బాగుండేది.

పదకొండు కాకముందే దిండిగల్ నుంచి సౌందరం అత్త ఫోన్.

"మేనత్తని నేను! అందరికీ చెప్పి నాకు కడాసీలో చెప్తారా రాజా?" అని ఏడుపు.

"అత్తా, అది లాన్..."

"లవ్వని తెల్సు లేరా! అయితే మాత్రం నాకు చెప్పకూడదా?"

మధ్యాహ్నానికి మా వీధి చుట్టాలంతా దిగారు. పళ్ళు, కొబ్బరికాయలు, మల్లెపూలు పెట్టిన పళ్ళేలు. పెళ్ళి ఇసుక కనక అందరూ చెప్పులు విడిచి నేరుగా దాని మీదికే నడిచారు.

"తొక్కొద్దండీ!" ఆనంది రెండు చేతులూ చాపి అడ్డం పడింది. "ఇంకా నీళ్ళు పెట్టలేదు! గుంతలు పడతాయి!"

"పెండ్లికూతురు ఎంత చురుకు!" అని ఒకావిడ మురిసిపోయి ఆమె జడలో మూరెడు మల్లెపూలు తురిమింది.

"మీరు చెప్పండి వీళ్ళకి!" అని ఆనంది నా మీద విరుచుకుపడింది. మల్లెపూలతో కోపం ఆమెకి బాగుంది. అది చెప్పే సమయం కాదని నాకు అంత గాబరాలోనూ తోచింది.

నేను గేటుకి అడ్డం నిలబడి గొంతు చించుకున్నాను. "పెండ్లి లేదు! ఎవురికీ పెండ్లి లేదు!" నాకు సిగ్గన్నారు.

అప్పుడొచ్చింది వ్యాను. అందులోంచి దురైసామి మామ, మామిడాకులు కట్టిన పందిరి గుంజ, పెద్ద టార్పాలిన్ దిగాయి. మామ గుంజ భుజానేసుకుని, గడ్డపారతో పచ్చిక నడిమధ్యకి బయల్దేరాడు.

"మామా, అక్కడ తవ్వితే నా పని పోతాది!" ఆనంది గొంతు వణికింది. ఆ వణుకు విన్నాక నాకు తమాషా అనిపించడం మానేసింది. పరుగెత్తి మామ చేతిలోని గడ్డపార లాక్కున్నాను.

పాలక్కాడు వైపు నుంచి మబ్బు ఎప్పుడు కమ్ముకొచ్చిందో ఎవరూ చూడలేదు. టపటపా నాలుగు పెద్ద చినుకులు ఇసుకలో గుంటలు చేశాయి. ఆనంది మొహం పాలిపోయింది.

"పెద్ద వానొస్తే ఇసకంతా కాలవలోకి పోతాది. ఇంకా అణగలేదు." ఆమె నన్నే చూస్తూ అంది. "అయిపోయింది."

"కాలేదు!" అని అరిచాను. జీవితంలో మొదటిసారి నా అరుపు పనికొచ్చింది. "మామా, ఆ టార్పాలిన్ విప్పు! అందరూ అంచులు పట్టుకోండి! గడ్డి మీద పైకెత్తి పట్టండి!"

చుట్టాలకి ఏమీ అర్థం కాలేదు. అయినా పందిరి అంటే పట్టడం మా వాళ్ళకి అలవాటు. పట్టుచీరల వాళ్ళూ పట్టుపంచెల వాళ్ళూ చుట్టూ నిలబడి టార్పాలిన్ పట్టుకున్నారు. వాన కుండపోతగా కురిసింది. పందిరి కింద గడ్డి పొడిగా ఉంది. బయట పెళ్ళివారంతా ముద్దగా తడిశారు.

నాదొక మూల. ఎదురు మూల ఆనందిది. ఆమె టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. టార్పాలిన్ కింద నుంచి పచ్చిక వంక చూసుకుని, తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపుతో నాలో ఏ కాస్త బుద్ధి మిగిలి ఉందో అదీ పోయింది.

వరండాలోంచి అవ్వ కేక. "ఒరే రాజ్‌మోహన్! అందర్నీ తడుపుతా ఉండావే, నిజం చెప్పరా! పెండ్లి ఉండాదా లేదా?"

"లేదవ్వా! ఇది నిజంగా గడ్డికి పోసిన ఇసకే!" అన్నాను. అక్కడితో ఆగవలసింది. "కానీ ఆనంది సరి అంటే నేను ఇప్పుడే చేసుకుంటా!"

ఆ మాట అన్నది నేనేనా అని నేను కూడా చుట్టూ చూశాను. నా చేతిలోని మూల జారిపోయింది.

"ముందు మూల పట్టుకోండి!" ఆనంది అరుపుకి వీధి చివర కుక్క మొరిగింది.

పట్టుకున్నాను.

వాన వెలిశాక చుట్టాలు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఆనంది మాత్రం తొక్కిన చోటల్లా చెక్క లాగి, సన్నటి తుంపరతో నీళ్ళు పెట్టింది. పని అంతా అయ్యాకే నా దగ్గరికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ మాట ఇంకొకసారి అనొద్దు. తిరుప్పూరు తప్పించుకునేదానికి పీళమేడుకి సరి చెప్పిందని నన్ను ఎవురూ అనకూడదు. నేనే అనుకోకూడదు. గడ్డి రానీ. రాకపోతే నాయనకిచ్చిన మాట మాటే."

"సరి," అన్నాను.

ఆ తర్వాత నా బతుకు గడ్డితో ముడిపడిపోయింది. పొద్దున లేవగానే వరండా మెట్ల మీద బోర్లా పడుకుని మొనలు చూసేవాణ్ణి. మా పంపుసెట్ల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ యేసుదాస్ నాకేదో జబ్బనుకున్నాడు. ఆనందికి రోజూ ఫోటో పంపేవాణ్ణి.

"గేటు దగ్గర పసుపు రంగు!" అని ఒకరోజు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఫోన్ చేశాను.

"నీళ్ళు ఎక్కువ పెడితిరా?"

"ప్రేమగా పెడ్తిని."

"ప్రేమ తగ్గించండి. వేర్లు కుళ్ళతాయి."

ఆమె వచ్చి చూసి, ఆ ఒక్కచోట మళ్ళీ బొక్కలు పొడిచి వెళ్ళింది. పెళ్ళి అనే మాట మాత్రం నేను ఎత్తలేదు. నాలుక కొరుక్కుని ఆపుకున్న రోజులున్నాయి. అంతగా కావలసిన మనిషి ఎదురుగా ఉంటే గడ్డి గురించే మాట్లాడడం ఎంత కష్టమో నాకు తెలుసు.

కొన్ని వారాలకి ఇసుక కనపడడం మానేసింది. పచ్చిక పరుపు పరిచినట్టు వచ్చింది.

ఆ ఆదివారం అయ్యసామి గారు ఆనందితో కలిసి కారమడై నుంచి వచ్చారు. పెద్ద మీసం, తెల్లపంచె, తక్కువ మాటలు. చెప్పులు విడిచి పచ్చిక మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిచారు. పాదంతో నొక్కి చూశారు. బిందెడు నీళ్ళు తెమ్మని, ఒకప్పుడు మడుగు కట్టే చోట కుమ్మరించారు. నీళ్ళు కాసేపట్లో నేలలోకి దిగిపోయాయి.

ఆయన వంగి ఆ తడిని వేలితో నొక్కి చూశారు.

"బాగుండాది పాపా," అన్నారు. "నేను నేలతోనే బతికినోణ్ణి. ఇసక పోసి గడ్డి తెప్పిస్తావని నమ్మలేదు. తప్పు నాదే. ఇంక నీ దోవ నీది. తిరుప్పూరుకి వద్దని నేనే చెప్పేస్తా."

ఆనంది చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"పెండ్లి మాట గూడా ఇంక ఈ జన్మలో నీ దగ్గర ఎత్తను," అని ఆయన ముగించారు.

నా గంతు కాళ్ళలోనే ఆగిపోయింది. ఆమె గెలిచింది. ఇప్పుడు ఆమె ఎవరికీ సరి చెప్పవలసిన అవసరం లేదు. నాకు కూడా.

"మీరు ఎత్తొద్దు నాయనా," అంది ఆనంది. "నేను ఎత్తతా. అట్ల స్తంభం పట్టుకోని నిలబడుకోనుండారే, ఆయన నాకు కావాల."

అయ్యసామి గారు ఉన్నచోటే పచ్చిక మీద కూలబడ్డారు. అమ్మ చేతిలో పళ్ళెం కింద పడింది. అవ్వ ఒక్కతే "నేను అప్పుడే చెప్తిని" అని చుట్టూ చూసింది.

"ఈ పిల్లోడా?" అన్నారాయన తేరుకుని. "అయినదానికీ కానిదానికీ అరస్తాడని నువ్వే గదా చెప్తివి?"

"అరస్తాడు. కానీ నేను వద్దన్న దినం నుంచి ఒక్కసారి గూడా పెండ్లి మాట ఎత్తలేదు. రోజూ ఫోన్ చేసి నా పని గురించే అడిగినాడు నాయనా. నా పని నిలబడాలని నాకంటే ఎక్కువ బయపడినాడు. నాకు అట్లాంటోడే కావాల."

పెద్దాయన నన్ను తల నుంచి కాలి దాకా చూశారు. మీసం కింద ఏదో కదిలింది. నవ్వే అయి ఉండాలి.

"ఏం తంబీ? మా పాప చెప్పేసింది. నువ్వేం చెప్తావు?"

ప్రతి చిన్నదానికీ వీధి అదిరేలా అరిచే నాకు ఆ క్షణాన గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. తల మాత్రం ఊపాను. ఊపుతూనే ఉన్నానట. చివరికి ఆనందే వచ్చి, అందరి ముందూ, నా చెయ్యి పట్టుకుని ఆపింది.