కోడలి హస్తవాసి

రత్నమాణిక్యం గాయపాకు నూరుతోంది. పొలంగట్టు మీద కోసుకొచ్చిన ఆకును కడిగి ఆరబెట్టి, చిన్న రోట్లో మెత్తగా నూరి, పాత పంచె ముక్కలో వేసి పిండుతుంటే పచ్చటి పసరు బొట్లు బొట్లుగా గిన్నెలోకి దిగుతోంది. వేళ్ల సందులన్నీ ఆకుపచ్చగా మారిపోయాయి. ఎన్ని ఆకులు పిండితే ఏం లాభం! రేపు తెల్లవారగానే బండి కట్టి భర్తను ఏలూరు ఆసుపత్రికి తీసుకుపోతారు. పాదం తీసేస్తారు...

"ఇంకా ఎందుకే ఆ నూరడం?" అంది అత్తగారు కనకమ్మ గుమ్మంలో నిలబడి. "మందు ఆకులో ఉంటే చాలదమ్మా, పోసే చేతికి వాసి ఉండాలి! నీ చెయ్యి పడి పడి నా బిడ్డ కాలు బొగ్గయిపోయింది!"

రత్నమాణిక్యం కళ్లనీళ్లు గిన్నెలో పడతాయేమోనని తల పక్కకు తిప్పుకుంది.

కొల్లేటి పక్క చేలో బురద దున్ని దమ్ము చేస్తుండగా భర్త ఏడుకొండలు అరికాల్లో నత్తగుల్ల పెంకు దిగింది. గోరంత గాయం! అదే మానకుండా పుండయింది. డాక్టరు గారు మూత్రం పరీక్ష చేసి మధుమేహం అన్నారు. తీపి నోట పెట్టొద్దన్నారు. ఈ పసరు రత్నమాణిక్యం నల్లజర్లలో పుట్టింటివారి దగ్గర నేర్చుకున్నదే. పథ్యం పెట్టి పసరు పోస్తుంటే చీము తగ్గి, పుండు అంచున లేత చర్మం పుట్టింది. "నిన్ను చూస్తే పుండుకే భయమేస్తోందే!" అని ఏడుకొండలు నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె ఎన్ని దేవుళ్లకు మొక్కుకుందో! అంతలోనే అంతా తిరగబడింది. పాదం నల్లబడింది.

పసరు గిన్నె పక్కన పెట్టి, భర్త మంచం కిందున్న మూత్రపు కుండ తీసుకుని పెరట్లోకి నడిచింది. నిన్న పారబోసిన చోట నల్లగా చీమలు! జబ్బు బయటపడ్డ కొత్తలో చీమలు ఇలాగే పట్టేవి. పథ్యం మొదలుపెట్టాక ఒక్కటీ కనబడలేదు. మరి ఇప్పుడు... ఈయనకు తీపి ఎవరు పెడుతున్నారు?

వెనక్కి వచ్చేసరికి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"తిను నాన్నా, మీగడలో కాస్త బెల్లమేగా! ఆ చప్పిడి పథ్యంతో నోరు చచ్చిపోయింది నీకు. నీ పెళ్లాంతో అనకు."

"నువ్వు పెడితే వద్దనగలనా అమ్మా!"

రత్నమాణిక్యం అత్తగారి చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయి చీమలను చూపించింది.

"పుండు కాలికి కదే!" కనకమ్మ తెల్లబోయింది. "నేను పెట్టింది నోట్లోనే... నోట్లో పెట్టింది కాలికెలా దిగుతుందే?"

"ఒళ్లంతా దిగుతుంది అత్తయ్యా! డాక్టరు గారు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది అదే..."

కనకమ్మ అక్కడే చతికిలబడింది.

"ఆసుపత్రికి నువ్వొద్దు. నీ చేతి చలవ చూశాం చాలు. అమ్మ వస్తుంది. వండి పెడుతుంది" అన్నాడు ఏడుకొండలు సాయంత్రం భార్యతో. నిజం చెబితే తల్లీకొడుకుల మధ్య ఏం మిగులుతుంది? చెప్పకపోతే...

తెల్లవారింది. మరిది తాతారావు బండి వాకిట్లోకి తెచ్చాడు. కనకమ్మ వంటింట్లో మూట కట్టుకుంటోంది. రత్నమాణిక్యం వెళ్లి ఆమె పాదాల మీద పడింది.

"మీరు వెళ్లకండి అత్తయ్యా! అక్కడ ఆయన అడుగుతారు. కాదనడం మీవల్ల కాదు. పాదంతో పోయేది మోకాలిదాకా పోతుంది! ఆ తర్వాత మనిషే..."

"అనకే!" కనకమ్మ కోడలి నోరు మూసింది. "కత్తి పెట్టే వేళకు కళ్లెదుట కన్నతల్లి లేకపోతే వాడేమనుకుంటాడే?... మళ్లీ చూస్తానో లేదో..."

"ఏమైనా అనుకోనివ్వండి అత్తయ్యా. బతికి అనుకోనివ్వండి."

కనకమ్మ మూట విప్పి, బట్టల అడుగున దాచిన బెల్లం అచ్చు తీసి దూరంగా పెట్టింది. మళ్లీ ముడివేసి ఆ మూట కోడలి చేతుల్లో పెట్టింది.

"వాడికి పసరు మానకే. మిగిలిన కాలికైనా..."



"అమ్మా! ఎక్కడున్నావే? ఎండ ఎక్కుతోంది, రా!" బండిలోంచి ఏడుకొండలు పిలుస్తున్నాడు. "నన్నొక్కణ్ణే పంపుతావా అమ్మా?"

ఆ పిలుపుకు కనకమ్మ ఒళ్లు ఒక్కసారి వాకిలి వైపు తూలింది. పెదవి కొరుక్కుని నిలదొక్కుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పెరటి తలుపు తీసుకుని, చేలవైపు నడిచిపోయింది.