రుమాల్లో మూట

ఆ ఎర్రకళ్ల మనిషి మళ్లీ వచ్చాడు.

తనూజ సూదికి ముత్యం ఎక్కిస్తూనే ఓరకంట చూసింది. చార్మినార్ దగ్గర ఇరుకు సందులో, వాళ్ల ముత్యాల దుకాణానికి ఎదురుగా, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. నిన్నా ఇదే వేషం. ఏమీ కొనడు. పక్క దుకాణాల్లో గుసగుసగా ఏదో అడుగుతాడు.

"బేటీ, నీ గురించే పూచ్ రహా," అన్నాడు పక్కనే గాజులమ్మే మొహియుద్దీన్ భాయ్ వచ్చి. "పిల్ల ఆరోగ్యం ఎట్లుంటది అంటుండు."

తనూజ సూది పక్కన పెట్టేసింది.

ఆదివారం పెళ్లిచూపులు. అంతకుముందే మగపెళ్లివారు చుట్టుపక్కల ఆరా తీయడం మామూలే. పోయినసారి అలా వచ్చినవాడే, "పిల్లకు ఎప్పుడూ తుమ్ములే, ఏదో రోగం దాస్తున్నరు" అని చెప్పి సంబంధం చెడగొట్టాడు. రోగమూ కాదు, పాడూ కాదు. పుప్పొడి పడదు, అంతే.

అప్పటినుంచి అమ్మ నాగమణమ్మ వదిలిపెడితే ఒట్టు. పొద్దున్నే ఆవిరి. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో ముక్కు కడగడం. ముక్కు అంచులకు నెయ్యి. రాత్రి మిరియాల పాలు. వాసన పీల్చడానికి చున్నీ చివర వేయించిన వాము మూట ఎలాగూ ఉండాల్సిందే.

ఇప్పుడు తుమ్ము వస్తోంది. వాడి కళ్లముందే! తుమ్మితే పళ్లెంలో ముత్యాలన్నీ సందు పాలు. చున్నీ చివర ముక్కుకు అదుముకుని ఊపిరి బిగబట్టింది. గండం గడిచింది.

అప్పుడు కనిపించింది. వాడి రుమాలు మూలన ఒక ముడి. లోపల ఏదో గుండ్రంగా ఉంది. దాన్ని నోటి దగ్గరే పెట్టుకుని మాట్లాడుతున్నాడు.

మైకా? రికార్డ్ చేస్తున్నాడా?

చెప్పులైనా వేసుకోకుండా సందులోకి దూకింది.

"ఎవరు పంపిన్రు నిన్ను?"

"ఎవరూ పంపలే మేడం... నేనే..."

"నా ఆరోగ్యంతోని నీకేం పని? గది ఇటియ్యి!"

రుమాలు లాక్కుని ముడి విప్పింది.

వాము. దోరగా వేయించిన వాము.

ఆమె ఇంకో మాట అనేలోపే అతను తుమ్మాడు. ఆగకుండా తుమ్మాడు. చూస్తుండగానే ఆమెకూ తుమ్ము ఆగలేదు.

"నేను దీక్షిత్‌ని," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఆదివారం మీ ఇంటికొచ్చేది నేనే."

"ఫొటోల ముక్కు గింత ఎర్రగ లేదు!"

"అది ఎండాకాలంల దిగింది."

"మరి గీ దొంగ ఆరా ఏంది?"

"జల్‌పల్లిల మా ఇంటి చుట్టూ ఖాళీ ప్లాట్లే. వానలు పడితే నిండా వయ్యారిభామ గడ్డి, దాని పుప్పొడే. నా గతి చూస్తున్నరు గద! మీకు గూడ తుమ్ములున్నయని విన్న. మస్తు ఫికరైంది. నిజమైతే ఇల్లు మారి, అప్పుడు మిమ్మల్ని పెళ్లికి అడుగుదామనుకున్న."

ఒకడు ఆ తుమ్ము సంగతి వినే పారిపోయాడు. ఇతను దాని కోసం ఇల్లే మారుస్తానంటున్నాడు. నమ్మాలా?

"ముక్కుకు నెయ్యి రాస్తరా?" అనుమానంగా అడిగింది.

"రోజూ."

"ఉప్పునీళ్లు?"

"కాచి చల్లార్చినంకనే. మా అమ్మ ఊకోదు."

తనూజ పెదవి చివర నవ్వు దాగలేదు.

గడపలో నిలబడి అంతా విన్న ఆమె తండ్రి అమరనాథ్ నెత్తి పట్టుకున్నాడు. "ఇద్దరికీ పూలు పడవాయె. పెళ్లిల దండలు ఎట్ల మార్చుకుంటరు బిడ్డా?"

తనూజ లోపలికెళ్లి దారపు ఉండ తెచ్చింది.

"మెడ వంచుండ్రి," అంది దీక్షిత్‌తో.

"ఎందుకు?"

"ముత్యాల దండకు కొలత తీసుకోవద్దా?"

దీక్షిత్ బుద్ధిగా మెడ వంచాడు, తుమ్ము ఆపుకుంటూ.