ముప్పై ఒక్క సెకన్లు

"ఎక్కేశాడు! ఆపు, ఆపు!"

సోడాబుడ్డి అరిచేలోపే రాకెట్టు స్టాప్‌వాచ్ నొక్కేసింది.

"పదమూడు," అంది.

సోడాబుడ్డి ఒళ్ళో అట్ట పెట్టుకుని పెన్సిల్‌తో 13 అని రాశాడు.

ఆరో తరగతి పిల్లలు పొద్దుటి నుంచీ బడి ముందున్న కూడలిలోనే ఉన్నారు. నాలుగు రోడ్లు, నాలుగు జీబ్రా గీతలు, ఒక్కో చోట ఇద్దరేసి పిల్లలు. ఈ ఇద్దరి అసలు పేర్లు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండవు. కళ్ళద్దాలు మందం కాబట్టి వాడు సోడాబుడ్డి. నడవమంటే పరిగెడుతుంది కాబట్టి ఆమె రాకెట్టు.

పని అప్పగించింది ట్రాఫిక్ ఆఫీసులో పనిచేసే ఇంజనీరు మేడం. ముందు రోజు క్లాసుకి వచ్చి వివరంగా చెప్పింది.

"ఈ కూడలికి కొత్త సిగ్నల్ పెడుతున్నాం. నడిచేవాళ్ళకి పచ్చలైటు ఎన్ని సెకన్లు ఉండాలో తేల్చాలి. ఎక్కువ ఇస్తే బస్సులు ఆగిపోతాయి. ఒక్కో బస్సులో అరవై మంది ఉంటారు. తక్కువ ఇస్తే నడిచేవాళ్ళు నడిరోడ్డు మీద చిక్కుకుపోతారు. అందుకే ఊహించి పెట్టం, కొలిచి పెడతాం. మనిషి రోడ్డు మీద కాలు పెట్టగానే వాచ్ నొక్కండి. అవతలి ఫుట్‌పాత్ మీద రెండో కాలు పెట్టాక ఆపండి. ఒకరి లెక్క అయ్యాక, తర్వాత ఎవరు కాలు పెడితే వాళ్ళదే. మీరు ఎంచుకోకూడదు. ఒక్కో జట్టు యాభై మంది."

పందెమని మేడం అనలేదు. పిల్లలే అలా అనుకున్నారు.

"అవతల వాళ్ళవి నలభై అయ్యాయట," అన్నాడు సోడాబుడ్డి.

రాకెట్టు పళ్ళు కొరికింది. తమవి ముప్పై ఆరే. అప్పుడే ఒక ముసలాయన చేతికర్రతో దిగాడు. ఇరవై ఎనిమిది సెకన్లు. ఆయన దాటాక ఒక తల్లి బుడిబుడి నడకల పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. ఇరవై నాలుగు.

తర్వాత టైలరత్త వచ్చింది.

ఆమె ఇల్లు బడి వెనక సందులో. షాపు రోడ్డుకి అవతల. బడిలో సగం మంది యూనిఫాంలు ఆమె కుట్టినవే. చిన్నప్పుడే ఎడమకాలు చచ్చుబడింది. మోకాలి దాకా ఇనుప పట్టీ, చంకలో కర్ర.

"ఏమే రాకెట్టూ, ఎండలో ఏం చేస్తున్నారే?"

"నీ నడక కొలుస్తున్నాం అత్తా!"

"నా నడకకి గడియారం దేనికే, క్యాలెండర్ చాలు!" అని నవ్వుకుంటూ దిగింది టైలరత్త.

కర్ర, మంచికాలు, పట్టీ కాలు. మళ్ళీ కర్ర. ఆమె అవతలికి చేరేలోపు పక్క నుంచి ఏడుగురు దాటేశారు. ఆ ఏడుగురూ లెక్కలోకి రారు. రాకెట్టు కాళ్ళు నేల మీద నిలవలేదు.

"ముప్పై ఒకటి," అంది నిట్టూర్చి.

అదే సమయానికి పక్క గీతల దగ్గర నుంచి "మాది అయిపోయిందోచ్!" అని కేక వినబడింది.

రాకెట్టు అట్ట లాక్కుంది. రబ్బరు తీసి మూడు అంకెలు తుడిచేసింది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?"

"ఈ ముగ్గురి వల్ల మన షీటంతా పాడవుతోంది. మిగతావాళ్ళందరూ పద్నాలుగు, పదిహేను. వీళ్ళొక్కళ్ళే ఇలా ఉన్నారు."

"మేడం ఎంచుకోవద్దన్నారుగా!"

"ఎంచుకోవట్లేదురా. తప్పులు తీసేస్తున్నా."

సోడాబుడ్డి అట్ట వెనక్కి తీసుకుని పెన్సిల్ పట్టుకున్నాడు. ఆ తర్వాత ఎవరైనా మెల్లగా దిగితే రాకెట్టు తల పక్కకి తిప్పుకుని, ఇంకొకరి కోసం చూసింది. పావుగంటలో యాభై నిండాయి.

మూడు వారాలకి సిగ్నల్ వెలిగింది. నడిచేవాళ్ళకి పచ్చలైటు, దాని కింద తగ్గుతూ వచ్చే అంకెలు. బడి వైపు గీతలకి పద్దెనిమిది సెకన్లు. మొదటి రోజు పిల్లలు గేటు దగ్గర నిలబడి పద్దెనిమిది నుంచి వెనక్కి లెక్కపెడుతూ చప్పట్లు కొట్టారు.

రెండో రోజు పొద్దున టైలరత్త పచ్చలైటు పడగానే దిగింది. భుజాన కుట్టిన బట్టల సంచీ. అంకెలు పది దగ్గరికొచ్చేసరికి ఆమె రోడ్డులో పావు వంతు కూడా దాటలేదు. మూడు, రెండు, ఒకటి. ఎర్రలైటు పడింది. ఆమె సరిగ్గా నడిమధ్యలో ఉంది.

బస్సు హారన్ కొట్టింది. వెనక మరో నాలుగు కొట్టాయి. టైలరత్త ముందుకు చూసింది, వెనక్కి చూసింది. ఒక స్కూటరు ఆమె సంచీని రాసుకుంటూ దూసుకుపోయింది. కర్ర జారింది. ఆమె రోడ్డు మీద కూలబడిపోయింది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలు చక్రాల మధ్య చెల్లాచెదురయ్యాయి.

"అంత చేతకానిది రోడ్డెక్కడం దేనికి!" అన్నారెవరో.

బస్సు డ్రైవరు దిగి, ఆమెను లేపి ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టాడు. మణికట్టు అప్పటికే వాచింది. గేటు దగ్గర రాకెట్టు బ్యాగు పట్టీని గట్టిగా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముప్పై ఒకటి. ఆ అంకె ఆమెకు ఒక్కదానికే తెలుసు. కాదు, ఇద్దరికి తెలుసు. సోడాబుడ్డి ఆమె వైపే చూస్తున్నాడు.

మర్నాడు ఇంజనీరు మేడం క్లాసుకి వచ్చింది. చేతిలో ఆ షీటే ఉంది.

"మిగతా మూడు గీతల దగ్గరా ఇరవై దాటినవాళ్ళు కనబడ్డారు. ఈ షీటులో ఒక్కళ్ళూ లేరు. బడి వైపు అంతా కుర్రాళ్ళే నడుస్తారా?"

సోడాబుడ్డి తల వంచుకున్నాడు కానీ చెప్పలేదు. చెప్పడని రాకెట్టుకి తెలుసు. అందుకే లేచి నిలబడింది.

"తుడిచేశాను మేడం. ముగ్గుర్ని. తర్వాత మెల్లగా వచ్చినవాళ్ళని అసలు రాయలేదు. మా షీటు పాడవుతుందనుకున్నాను."

మేడం షీటు బల్ల మీద పెట్టింది.

"నేను ఏ షీటు తీసుకున్నా ముందు చూసేది ఆ పెద్ద అంకెలనే," అంది. "వేగంగా నడిచేవాళ్ళు నాతో పనిలేకుండానే దాటిపోతారు. ఈ షీటులో పెద్ద అంకెలు లేనప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నేనే వచ్చి ఒక పూట నిలబడి చూసుకోవాల్సింది. చూసుకోలేదు. అది నా తప్పు."

"ఇప్పుడు మార్చేయండి మేడం. ముప్పై ఒకటి. నాకు బాగా గుర్తుంది."

"గుర్తున్న అంకెతో సిగ్నల్ మార్చకూడదమ్మా. మళ్ళీ కొలవాలి. అంతవరకూ పొద్దునా సాయంత్రం ఒక పోలీసాయన నిలబడి చేత్తో ఆపుతాడు. అంత సమయం అవసరమని తేలితే సెకన్లు పెంచుదాం. మధ్యలో ఆగి నిలబడటానికి చిన్న గట్టు కూడా కట్టవచ్చు. నువ్వు కొలుస్తావా?"

రాకెట్టు తలూపింది.

ఆ సాయంత్రం అమ్మకి జరిగిందంతా చెప్పింది. అమ్మ కూరగాయలు తరగడం ఆపింది.

"మేడంకి చెప్పావు. మరి ఆవిడకి?"

"భయంగా ఉందమ్మా."

"ఉంటుంది. వెళ్ళిరా."

టైలరత్త గుమ్మంలో కూర్చుని ఉంది. మణికట్టుకి కట్టు కట్టి ఉంది.

"రావే. చూశావా, ఒంటిచేత్తో దారం కూడా ఎక్కించలేను," అంది. "షాపు ఖాళీ చేస్తానని ఓనరుకి చెప్పేశాను. ఆ రోడ్డు ఇక నా వల్ల కాదు. ఈ గదిలో మిషను పెడితే మంచానికి చోటుండదు. ఏదో ఒకటి చూసుకోవాలి."

రాకెట్టు నిలబడే చెప్పింది. యాభై మంది, పక్క జట్టు కేక, రబ్బరు.

టైలరత్త కట్టు వైపు చూసుకుంది.

"నన్ను తుడిచేశావా?" అంది మెల్లగా.

రాకెట్టుకి కళ్ళు నిండాయి. అవునని తలూపింది.

"ఎల్లుండి నుంచి మళ్ళీ కొలుస్తాను అత్తా. పోలీసాయన బస్సుల్ని ఆపుతాడు. నువ్వొస్తే..."

"చీకటి పడుతోంది. ఇంటికెళ్ళు."

కొలత మొదలైంది. ఈసారి మూడు రోజులు, పొద్దున గంట, సాయంత్రం గంట. మొదటి రోజు టైలరత్త రాలేదు. రెండో రోజూ రాలేదు. రాకెట్టు సందు వైపు చూసి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగేది. ఇరవై ఆరు. పదిహేను. నలభై. ఏది వస్తే అది సోడాబుడ్డి రాసుకున్నాడు.

మూడో రోజు పొద్దున సందు మలుపులో కర్ర చప్పుడు వినబడింది.

టైలరత్త వాళ్ళిద్దరితో ఏమీ అనలేదు. ఫుట్‌పాత్ అంచున కాసేపు నిలబడింది. పోలీసాయన చెయ్యి ఎత్తాడు. ఆమె కాలు దించింది. రాకెట్టు వాచ్ నొక్కింది.

కర్ర, మంచికాలు, పట్టీ కాలు. నడిమధ్యకి వచ్చేసరికి ఒక కారు హారన్ కొట్టింది. ఆమె ఆగిపోయింది. పోలీసాయన చెయ్యి దించలేదు. టైలరత్త మళ్ళీ కర్ర ముందుకు వేసింది. ఒక కాలు ఎక్కింది. రెండో కాలు ఎక్కింది.

"ముప్పై ఎనిమిది," అంది రాకెట్టు.

అవతల నుంచి టైలరత్త తిరిగి చూసింది.

"ఎంతే?"

"ముప్పై ఎనిమిది అత్తా!"

"పోయినసారికంటే ఎక్కువా?"

"ఏడు ఎక్కువ!"

"సరిగ్గా రాయించు!" అని ఆమె షాపు వైపు తిరిగింది. తాళం తీసింది. ఒంటిచేత్తో షట్టరు ఎత్తబోయింది. అది సగం దాకా లేచి ఆగిపోయింది.

పరిగెత్తి వెళ్ళి ఎత్తాలని రాకెట్టు కాళ్ళు లాగాయి. సరిగ్గా అప్పుడే ఒక పెద్దావిడ గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి, రోడ్డు మీద కాలు పెట్టింది.

"నువ్వెళ్ళరా," అంది రాకెట్టు సోడాబుడ్డితో. "అట్ట నాకివ్వు."

వాడు పరిగెత్తాడు. బడిలో మొదటి గంట కొట్టారు. రాకెట్టు వాచ్ నొక్కి, ఆ పెద్దావిడ రెండో కాలు అవతల పెట్టేదాకా కదలకుండా నిలబడింది.